మత్తుసూదీ, తెల్లకణాలూ

కొమ్ముకు కాన్సర్ వచ్చిన ఎద్దును పశువుల ఆసుపత్రికి తోలుకొస్తే, కత్తి పట్టుకునే ముందు డాక్టరుగారు దానికి మత్తు ఇస్తారు. మెడ కండలోకి ఒక చిన్న సూది, అంతే. అప్పటిదాకా నలుగురు పగ్గాలు బిగబట్టినా నిలవని ఎద్దు కొద్ది నిమిషాల్లో నెమ్మదిస్తుంది. తల కిందికి వాలుతుంది. కింది పెదవి వేలాడుతుంది. నోటి వెంట చొంగ తీగలా సాగుతుంది. రెప్పలు సగం మూతపడతాయి. ఇంకాసేపటికి మోకాళ్ళు మడిచి కూలబడుతుంది. అప్పుడు కొమ్ము మొదట్లో నరం దగ్గర లిగ్నోకైన్ ఇచ్చి ఆ చోటు తిమ్మిరెక్కించి ఆపరేషన్ మొదలుపెడతారు. ఆ మత్తుసూదిలోని మందు పేరు జైలజిన్.

రైతు కంటికి కనబడేది ఎద్దు మగత ఒక్కటే. ఆ సమయంలోనే దాని నెత్తుటిలో, ప్లీహంలో, ఊపిరితిత్తుల్లో కాపలా కాసే కణాలకు కూడా ఈ మందు తగులుతుంది. వాటికి ఏమవుతుందన్నదే ఈనాటి నా ప్రసంగం.

ముందు మందు పుట్టుక. 1962లో జర్మనీలోని బేయర్ కంపెనీ దీన్ని తయారుచేసింది. వాళ్ళు వెతికింది మనుషుల రక్తపోటు తగ్గించే మందు కోసం. ఇదేమో రక్తపోటుతో పాటు మనిషి మెలకువనూ గుండె వేగాన్నీ ఊపిరినీ కూడా తగ్గించేసింది. మనుషులకు పనికిరాదని పక్కన పెట్టారు. పశువైద్యులకు మాత్రం అదే వరమైంది. రోంపున్ అనే పేరుతో గుర్రాలకు, ఆవులకు, కుక్కలకు, జూలో జింకలకు, పులులకు కూడా వాడుకలోకి వచ్చింది. జర్మనీలోనే మ్యూనిక్ నగరపు హెల్లాబ్రున్ జూ వాళ్ళు దీన్ని కెటమిన్‌తో కలిపి ఒక మిశ్రమం చేశారు. ఒక మిల్లీలీటరులో 125 మిల్లీగ్రాముల జైలజిన్, 100 మిల్లీగ్రాముల కెటమిన్. అడవి జంతువులను దూరం నుంచి సూదిబాణంతో కొట్టి పట్టుకునే డాక్టర్లకు ఆ జూ పేరుతోనే ఈ మిశ్రమం ఇప్పటికీ తెలుసు.

ఈ మందు శరీరంలో ఎక్కడ పట్టుకుంటుందో తెలిస్తే తక్కిన కథంతా తేలిగ్గా అర్థమవుతుంది. భయం వేసినప్పుడు, కోపం వచ్చినప్పుడు నరాల కొసల నుంచి నార్‌అడ్రినలిన్ అనే రసాయనం ఊరుతుంది. అది ఎక్కువైపోకుండా చూసుకునే ఏర్పాటు కూడా ఆ నరానికే ఉంది. ఊరిన రసాయనంలో కొంత వెనక్కి వచ్చి, నరం కొసమీదే ఉన్న ఆల్ఫా-2 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. గ్రాహకం అంటే తాళం అనుకోండి, రసాయనం దాని తాళంచెవి. ఆ తాళం తిరగగానే ‘ఇక చాలు’ అన్నట్టు నరం దాన్ని ఊరించడం ఆపుతుంది. జైలజిన్ ఆ తాళానికి సరిపోయే మారుచెవి. నార్‌అడ్రినలిన్ ఊరకముందే ఊరిందని నరాన్ని నమ్మిస్తుంది. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని ఒక చిన్న నాడీకేంద్రం ఉంది, జంతువును మెలకువగా ఉంచేవాటిలో అదొకటి. అది ఈ మారుచెవి దెబ్బకు నెమ్మదిస్తుంది. జంతువు మగతలోకి జారుతుంది.

ఈ ఆల్ఫా-2 తాళం మెదడులోనే ఉంటే నేను ఇవాళ మాట్లాడవలసిన పనే ఉండేది కాదు. అది ఒళ్ళంతా ఉంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద ఉంది. అందుకే జైలజిన్ ఇచ్చిన పశువులో ఇన్సులిన్ తగ్గి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, మూత్రం కూడా ఎక్కువ పోస్తుంది. నెమరు ఆగిపోయి కడుపు ఉబ్బుతుంది. గర్భసంచి బిగుసుకుంటుంది. నెలలు నిండిన చూడిపశువుకు ఈ మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడేది ఇందుకే. తెల్లకణాల మీద, అంటే న్యూట్రోఫిల్‌లు, మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్‌ల మీద కూడా నార్‌అడ్రినలిన్ జాతి రసాయనాలకు స్పందించే గ్రాహకాలు ఉన్నాయి. అంటే భయానికి స్పందించే వ్యవస్థా, రోగక్రిమితో పోరాడే వ్యవస్థా ఒకే రసాయనాల మాట వింటాయన్నమాట. ఒకదాన్ని కదిలిస్తే రెండోది కదలకుండా ఉండదు.

ప్రయోగశాలలో చాలా తేలిగ్గా చూడగలిగిన సంగతి ఒకటి చెబుతాను. ఒకే పశువు నుంచి రెండుసార్లు నెత్తురు తీయండి, మత్తు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చిన అరగంటకు ఒకసారి. రెంటినీ సన్నటి గాజుగొట్టాల్లో నింపి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, పక్కపక్కన పెట్టి చూడండి. అడుగున ఎర్రకణాల దిమ్మ, పైన పసుపుపచ్చని ప్లాస్మా, రెంటి మధ్య దారమంత సన్నటి తెల్లపొర. ఆ పొరలోనే తెల్లకణాలున్నాయి. రెండో గొట్టంలో ఎర్రదిమ్మ మొదటిదానికంటే పొట్టిగా ఉంటుంది. తెల్లకణాలను లెక్కపెట్టినా సంఖ్య తగ్గి కనబడుతుంది. అరగంటలో పశువుకు రక్తహీనత వచ్చేసిందా? లేదు. మత్తుతో ప్లీహం వదులైంది, కణాలను తనలోకి తీసుకుని అట్టేపెట్టుకుంది. ఒంట్లోని నీరు కొంత రక్తనాళాల్లోకి చేరి నెత్తుటిని పలచన చేసింది. గుర్రం ప్లీహమైతే ఒంట్లోని ఎర్రకణాల్లో మూడో వంతును దాచుకోగలదు. కొన్ని గంటలు గడిచి మత్తు దిగేసరికి ఆ కణాలు మళ్ళీ రక్తప్రవాహంలోకి వస్తాయి.

చూడబోతే ఇది చిన్న విషయమే. కానీ రెండో గొట్టం ఒక్కటే చూసిన డాక్టరుకు తప్పుడు రిపోర్టు చేతికొస్తుంది. చక్కెర ఎక్కువ, ఎర్రకణాలు తక్కువ, తెల్లకణాలు తక్కువ. లేని జబ్బుకు వైద్యం మొదలవుతుంది, లేదా ఉన్న జబ్బు కంటపడకుండా పోతుంది. జ్వరంతో తెల్లకణాలు పెరిగి ఉన్న పశువుకు ముందే మత్తు ఇచ్చి నెత్తురు తీస్తే, లెక్క మామూలుగా ఉన్నట్టు కనబడవచ్చు.

అలాగని బెదిరిపోయిన పశువు నెత్తురు నమ్మదగినదా అంటే, అదీ కాదు. ఆవుల్లో మామూలుగా లింఫోసైట్‌లు ఎక్కువ, న్యూట్రోఫిల్‌లు తక్కువ, ఇంచుమించు రెండుకు ఒకటి చొప్పున. మనుషుల్లో ఇది తారుమారుగా ఉంటుంది. నలుగురు కలిసి పట్టి, కాళ్ళు కట్టి, పడదోసి నెత్తురు తీస్తే, భయానికి పుట్టిన కార్టిసాల్ వల్ల న్యూట్రోఫిల్‌లు ఎగబాకుతాయి, లింఫోసైట్‌లు పడిపోతాయి. అందుకే నేను విద్యార్థులకు చెప్పేది ఒకటే: పశువును ట్రెవిస్ అనే కట్టుచట్రంలో నిలబెట్టి, యజమాని చేత దువ్వించి, అది కుదుటపడ్డాక నెత్తురు తీయండి. మత్తుసూది ఆ తర్వాతే.

అడవి జంతువుల విషయంలో ఈ సౌకర్యం లేదు. ఊరి చివర బావిలో పడ్డ ఎలుగుబంటిని, గ్రామంలోకి వచ్చిన చిరుతను మత్తు లేకుండా ముట్టుకోలేం కదా. వాటి నెత్తురు ఎప్పుడు తీసినా సూదిబాణం తగిలాకే తీయాలి. కాబట్టి ఫలానా అడవి జంతువుకు తెల్లకణాలు మామూలుగా ఇన్ని ఉంటాయని పుస్తకాల్లో కనబడే అంకెల్లో చాలా భాగం మత్తులో ఉన్న జంతువుల అంకెలే. ఆ పుస్తకం చదివే వాళ్ళు ఏ మందు ఇచ్చారు, ఎంతసేపటికి నెత్తురు తీశారు అని అడగడం మరిచిపోకూడదు.

ఇక అసలు చిక్కుముడి దగ్గరకు వద్దాం. కణాలు ఎక్కడికి పోయాయన్నది తేలిక ప్రశ్న. అవి ఎలా ప్రవర్తిస్తాయన్నదే కష్టం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కూడా ఇదే.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. చిట్టెలుకల నుంచి మాక్రోఫేజ్‌లను తీసి, గాజుపాత్రలో పెంచి, వాటికి కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని తగిలించారు. మాక్రోఫేజ్‌లు టి.ఎన్.ఎఫ్. అనే సంకేతాన్ని విడుదల చేశాయి. ఒంట్లో వాపును, జ్వరాన్ని రేపే సంకేతం అది. అదే పాత్రలో ఆల్ఫా-2 తాళాన్ని తిప్పే మందు కూడా కలిపినప్పుడు, టి.ఎన్.ఎఫ్. ఇంకా పెరిగింది. 2007లో అదే విశ్వవిద్యాలయంలో పీటర్ వార్డ్ బృందం మరో అడుగు ముందుకు వేసి, మాక్రోఫేజ్‌ల లాంటి భక్షకకణాలు నార్‌అడ్రినలిన్ లాంటి రసాయనాలను తామే తయారుచేసుకుంటాయని, వాటితో తమ ఆల్ఫా-2 తాళాలను తామే తిప్పుకుని వాపును పెంచుకుంటాయని నేచర్ పత్రికలో చూపించింది. ఆ తాళాన్ని మూసేసే మందు ఇచ్చిన ఎలుకల్లో ఊపిరితిత్తులకు దెబ్బ తగ్గింది.

ఇంతవరకు విన్నవాళ్ళు ఏమనుకుంటారు? జైలజిన్ జాతి మందు ఆల్ఫా-2 తాళాన్ని తిప్పుతుంది కాబట్టి వాపును పెంచుతుంది అనుకుంటారు. బతికి ఉన్న జంతువులో మాత్రం అలా జరగలేదు. జైలజిన్‌కు దగ్గరి చుట్టం డెక్స్‌మెడిటొమిడిన్. హైదరాబాదులో అయినా విజయవాడలో అయినా ఐ.సి.యు.లో వెంటిలేటరు మీద ఉన్న రోగులకు ఇచ్చే మత్తుమందుల్లో ఇదొకటి. జపాన్ పరిశోధకులు 2004లో ఎండోటాక్సిన్ ఎక్కించిన ఎలుకలకు దీన్ని ఇచ్చారు. టి.ఎన్.ఎఫ్. పెరగలేదు సరికదా తగ్గింది. చనిపోయిన ఎలుకల సంఖ్య కూడా తగ్గింది.

గాజుపాత్రలో పెంచింది, ఒంట్లో తగ్గించింది! రెండు ప్రయోగాలూ నిజమే. పాత్రలో ఉన్న కణానికి మెదడు లేదు, నరం లేదు, ప్లీహం లేదు. మందు తిన్నగా కణాన్నే ముట్టుకుంది. జంతువులో అయితే అదే మందు ముందు మెదడును ముట్టుకుంటుంది. భయపు నరాల జోరు తగ్గి, దానికి ఎదురుగా పనిచేసే వేగస్ నాడిది పైచేయి అవుతుంది. మత్తిచ్చిన పశువుకు గుండె నెమ్మదించడంలో ఈ నాడి చేయి కూడా ఉంది. 2000 సంవత్సరంలో న్యూయార్క్ దగ్గర కెవిన్ ట్రేసీ బృందం వేగస్ నాడికి విద్యుత్తు తగిలిస్తే ఎలుకల్లో టి.ఎన్.ఎఫ్. తగ్గుతుందని కనిపెట్టింది. నాడి తెచ్చిన సందేశం ప్లీహం దాకా చేరి, అక్కడి మాక్రోఫేజ్‌లను శాంతింపజేస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 2014లో చైనా పరిశోధకులు రెండు కొసలూ కలిపి చూశారు. వేగస్ నాడిని ముందే తెగ్గోసిన ఎలుకలకు డెక్స్‌మెడిటొమిడిన్ ఇస్తే, వాపును తగ్గించే గుణం కనబడలేదు. అంటే మందు చేసిన మేలులో ఎక్కువ భాగం నాడి ద్వారా నడిచిందే.

నాకు ఈ ప్రయోగం ఎంతో ఇష్టం. ఒక్క కత్తిగాటుతో ఎన్నో ఏళ్ళ వాదానికి దారి చూపించింది. మందు ఒక కణానికి ఏం చేస్తుందని అడగడం సగం ప్రశ్నే, ఆ కణం ఎవరి మాట వింటోందని కూడా అడగాలి. ‘ఫలానా మత్తుమందు రోగనిరోధక శక్తిని పెంచుతుందట’, ‘కాదు, చంపేస్తుందట’ అని మనకు వినబడే వార్తల్లో చాలావరకు గాజుపాత్ర ముచ్చటనే ఒంటి ముచ్చటగా చెప్పినవి.

మరి ఎలుకల్లో ప్రాణాలు నిలిపిన మందు మనుషుల్లోనూ నిలుపుతుందా? ఇక్కడా నింపాదిగా చూడాలి. 2019లో ఐ.సి.యు. రోగులు దాదాపు 4000 మందితో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. డెక్స్‌మెడిటొమిడిన్ ఇచ్చినవారిలో, మామూలు మత్తుమందులు ఇచ్చినవారిలో 90 రోజుల్లో చనిపోయినవారి శాతం ఒక్కటే, 29.1. క్రిములు సోకినప్పుడు ఒంటి స్పందన అదుపు తప్పే సెప్సిస్ రోగుల్లో ఈ మందును ప్రొపొఫాల్‌తో పోల్చిన పరీక్ష 2021లో వచ్చింది. అక్కడా మందుల మధ్య తేడా కనబడలేదు. మందు మంచిదే, మత్తుకు బాగా పనిచేస్తుంది. కానీ తెల్లకణాలను చక్కదిద్ది ప్రాణం పోస్తుందని చెప్పే ఆధారం మనుషుల్లో దొరకలేదు.

ఇంకో సంగతి పరిశోధకులకు సంబంధించింది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో చిట్టెలుకలకు మత్తు కావాలంటే కెటమిన్, జైలజిన్ కలిపి ఇవ్వడం పరిపాటి. చౌక, తేలిక, చాలాకాలంగా అలవాటైన పద్ధతి. ఆ ఎలుక మీద ఊపిరితిత్తుల జబ్బు గురించో, టీకా గురించో, పుండు మానడం గురించో ప్రయోగం చేస్తే, తెల్లకణాల తీరులో కనబడే మార్పులో జబ్బు వాటా ఎంత, మత్తు వాటా ఎంత? మత్తు ఒక్కటే ఇచ్చిన ఎలుకల గుంపును పోలికకు పెట్టని ప్రయోగాన్ని నేను గట్టిగా నమ్మను. మన విశ్వవిద్యాలయాల్లో పిహెచ్.డి. చేస్తున్న పిల్లలెవరైనా వింటుంటే, మీ థీసిస్‌లో ఏ మందు, ఎంత మోతాదు, ఎంతసేపు అని రాయడం తప్పనిసరి చేసుకోండి అంటాను.

మోతాదు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గుర్రానికి ఇచ్చే జైలజిన్‌లో ఇంచుమించు పదో వంతు ఆవుకు సరిపోతుంది. పందికి గుర్రం కంటే కూడా ఎక్కువ కావాలి. ఆవుల్లోనూ జాతిని బట్టి తేడా ఉంది. హోల్‌స్టీన్ కాస్త తట్టుకుంటుంది, బ్రాహ్మణ్ జాతి అస్సలు తట్టుకోదు. ఈ బ్రాహ్మణ్ జాతిని అమెరికా వాళ్ళు మన దేశపు మూపురం పశువులతోనే తయారుచేశారు. అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉంది. మూపురం ఉన్న పశువుకు ఈ మందు ఇవ్వాలంటే చేయి వెనక్కి లాగి ఇవ్వాలి. ఒకే మందుకు జాతికొక స్పందన ఉన్నప్పుడు, చిట్టెలుక తెల్లకణాల గురించి తెలిసిందంతా మన ఎద్దుకు వర్తిస్తుందనుకోవడం కూడా తొందరపాటే. మన పశువుల్లోనే, మన కళాశాలల్లోనే ఈ పరిశోధన జరగాలి.

ఇప్పుడు చెప్పబోయేది బాధ కలిగించే భాగం. పశువుల కోసం పుట్టిన ఈ మందు అమెరికాలో మనుషుల రక్తనాళాల్లోకి చేరింది. మొదట ప్యూర్టో రికోలో, తర్వాత ఫిలడెల్ఫియా వీధుల్లో. ఫెంటనిల్ అనే మాదకద్రవ్యంలో దీన్ని కలిపి అమ్మారు. వీధిలో దాని పేరు ట్రాంక్. 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం జైలజిన్ కలిసిన ఫెంటనిల్‌ను కొత్తగా తలెత్తిన ముప్పుగా ప్రకటించింది. ఫెంటనిల్ మోతాదు మించినవాళ్ళను బతికించే నలోక్సోన్ జైలజిన్ మత్తును దించలేదు. పశువుల్లో దీనికి విరుగుడుగా వాడే యోహింబిన్, అటిపమెజోల్ లాంటివి మనుషుల్లో జైలజిన్‌కు విరుగుడుగా ఆమోదం పొందినవి కావు.

ఈ కల్తీ ఫెంటనిల్ ఎక్కించుకున్న మనుషుల ఒంటి మీద పుండ్లు పడ్డాయి. నల్లబడి, చర్మం చచ్చిపోయి, కొందరిలో ఎముక దాకా దిగి, చేతులూ కాళ్ళూ తీసేయవలసి వచ్చేంత పుండ్లు. సూది గుచ్చుకున్న చోటే కాదు, గుచ్చని చోట కూడా. చర్మానికి నెత్తురు తీసుకెళ్ళే సన్ననాళాలు బిగుసుకుపోవడం, ఊపిరి మందగించి ప్రాణవాయువు తగ్గడం, రక్తంలో చక్కెర పెరగడం, ఇవన్నీ కారణాలుగా డాక్టర్లు చెబుతున్నారు. పుండు మానాలంటే న్యూట్రోఫిల్‌లు ముందుగా అక్కడికి చేరాలి, మాక్రోఫేజ్‌లు చచ్చిన కణజాలాన్ని తిని శుభ్రం చేయాలి, ఆ తర్వాత కొత్త చర్మం రావాలి. నెత్తురు అందని చోటుకు తెల్లకణం ఎలా చేరుతుంది? చేరినా, చక్కెర ఎక్కువైన నెత్తుటిలో న్యూట్రోఫిల్ సరిగా పోరాడలేదని మధుమేహ రోగుల విషయంలో మనకు ఎప్పటి నుంచో తెలుసు. పశువుకు మేము ఒక్కసారి ఇస్తాం, కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఆ అభాగ్యులు రోజూ, రోజుకు ఎన్నోసార్లు ఎక్కించుకున్నారు. కాపలా కణాలకు తేరుకునే వ్యవధే లేదు. 2024 నుంచి ఫిలడెల్ఫియాలో జైలజిన్ స్థానంలో దాని చుట్టమే అయిన మెడిటొమిడిన్ రావడం మొదలైంది. ఇదీ పశువుల మత్తుమందే.

అందుచేత ఈ మందు సీసా పశువైద్యుడి చేతిలోనే ఉండాలి. డిస్పెన్సరీలో తాళం వేసిన బీరువాలో ఉండాలి, వాడిన ప్రతి చుక్కా రిజిస్టరుకెక్కాలి. మా వృత్తిలో ఉన్నవారందరికీ ఇది నా విన్నపం.

రైతు సోదరులకు, పాడి చూసుకునే అక్కచెల్లెళ్ళకు కూడా ఒక మాట. పశువుకు మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు అది చూడిదో కాదో, జ్వరం ఉందో లేదో, నాలుగైదు రోజుల్లో ఇంకేం సూదులు వేయించారో డాక్టరుగారికి అడగకముందే చెప్పండి. పెద్ద ఆపరేషన్ అయితే ముందురోజు మేత ఎప్పుడు ఆపాలో అడిగి, అలాగే ఆపండి. నెత్తురు పరీక్ష రాస్తే మత్తుకు ముందే తీయమనండి. ఊళ్ళో తిరిగే చదువులేని వైద్యుడెవరైనా ‘చిన్న మత్తుసూది, ఏం కాదు’ అంటే మాత్రం వేయించవద్దు. దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళండి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.